స్వల్పవ్యయముతో సూక్ష్మచిత్రణము

మన గృహములలో ఛాయాచిత్రములకు కొదవ లేదు. పెండ్లికి వేయి, పుట్టినదినమునకు రెండు వందలు, తీర్థయాత్రకు లెక్కకు మిక్కిలి. ఒకే ముఖమును ఒకే నవ్వుతో నూఱుమాఱులు చిత్రించుకొనియు తనివిదీరని మనము, ఆ పెండ్లిపందిటి గుంజపై బ్రాకుచున్న చీమను ఒక్కమాఱయినను నిదానించి చూచి యెఱుగము. దూరమున నున్నది కనబడకపోవుట కంటిదోషము. చేరువనున్నది కనబడకపోవుట మనోదోషము. మొదటిదానికి వైద్యుడు కలడు. రెండవదానికి వైద్యము మనమే చేసికొనవలెను. ఆ వైద్యములలో నొకదానిని గుఱించి, అది పేదయింటికిని అందుబాటులో నుండుననియు, దానివలన గలుగు లాభము వినోదమాత్రము కాదనియు, ఈ వ్యాసమున విన్నవింపదలచితిమి.

చీమ, దోమ, పూవులోని పుప్పొడి, ఉప్పుకల్లు మొదలగు చిన్న వస్తువులను మిక్కిలి దగ్గఱనుండి పెద్దవిగా చిత్రించుటకు మాక్రో ఫోటోగ్రఫీ యని పేరు. సూక్ష్మచిత్రణమని మేము వ్యవహరింతుము. దీని కొలత సులభమైనది. కెమెరాలో వెలుగును గ్రహించు పలకపై వస్తువుయొక్క ప్రతిబింబము వస్తువంతయే పడినచో దానిని యథాప్రమాణ మందురు. పెద్ద కెమెరాలలో ఆ పలక 36 మిల్లీమీటర్ల పొడవును 24 మిల్లీమీటర్ల వెడల్పును గలిగియుండును. కాబట్టి యథాప్రమాణమున 36 మిల్లీమీటర్ల సీతాకోకచిలుక చిత్రమంతయు నిండిపోవును. సామాన్యమైన కటకము వస్తువును ఏడవవంతో పదవవంతో చేసి చూపునే కాని యథాప్రమాణమునకు రాలేదు. ఆ లోటు దీర్చుటకే ప్రత్యేకమైన మాక్రో కటకములు అంగళ్లలో నమ్ముడుపోవుచున్నవి. వాని వెల పదుల వేలలో నుండును.

ఇక్కడనే మనవారు రెండు తెగలుగా చీలుదురు. మొదటి తెగవారు వెల విని, "ఇది దొరల వినోదము, మనకేల?" యని వెనుదిరుగుదురు. రెండవ తెగవారు వాయిదాలపై కెమెరా కొని, కటకము కొని, దానికి దగిన సంచి కొని, ఆ సంచిని బీరువాలో పెట్టి తాళము వేసి, నెలనెల వాయిదా చెల్లించుచుందురు. మా బంధువర్గమున నిట్టి బీరువాలు రెండు మూడు గలవు. మొదటివారు విద్యను పోగొట్టుకొనిరి, రెండవవారు విద్యతోపాటు సొమ్మును గూడ పోగొట్టుకొనిరి. జ్ఞానము కొనుగోలువస్తు వను నొక్క భ్రమయే యీ యుభయులకును మూలము.

చరిత్ర యీ భ్రమను సమర్థింపదు. డెల్ఫ్టు నగరమున బట్టలవర్తకుడుగా జీవించిన లీవెన్‌హుక్ అను డచ్చివాడు (1632–1723) ఏ విశ్వవిద్యాలయము మెట్టును ఎక్కలేదు. బట్టలలోని పోగులను పరీక్షించుటకు వర్తకులు వాడు భూతద్దము ఆతని వృత్తిలోని పరికరము. ఆతడు స్వహస్తములతో గాజుపూసలను సానబట్టి, చిన్న లోహపు రేకుల నడుమ బిగించి, ఆ యొంటికటకముతోనే నీటిబొట్టులోని సూక్ష్మజీవులను 1670వ దశాబ్దమున లోకమునకు దెలిపెను. ఫ్రాన్సుదేశమున ఫాబ్రు (1823–1915) అను బడిపంతులు చాలీచాలని జీతముతో సంసారము నీడ్చుచు, ఎండలో దారిప్రక్కన గూర్చుండి కందిరీగల నడవడిని గమనించి, 1879 మొదలుకొని 1907 వఱకు పది సంపుటముల గ్రంథమును ప్రకటించెను. వీరికున్న మూలధనము ఓపిక. అది నేటికిని వాయిదాలపై దొరకదు.

ఇక సాధనముల మాట. మేము వాడిచూచినవానినే వెల యెక్కు క్రమమున జెప్పుదుము.

మొదటిది, ఇంటింట నున్న మొబైలు ఫోను. దాని కటకముపై నొక చిన్న భూతద్దమును జేర్చినంతనే పని యారంభమగును. చిమ్టావలె పట్టుకొని యుండు బిగింపుతో గూడిన చిన్న కటకములు కొన్ని వందల రూపాయలకు దొరకుచున్నవి. అదియు వలదన్నచో, గడియారములు బాగుచేయువారు కంటికి తగిలించుకొను భూతద్దమును ఫోనుకటకమునకు సరిగా నానించి మెత్తని బంకపట్టీతో నంటించిన చాలును. ఫోనును చేతబట్టుకొనరాదు. రెండు గ్లాసుల నడుమ దానిని వంతెనవలె నిలిపి, చూడవలసిన వస్తువును క్రిందనుంచి, పుస్తకముల దొంతరతో దానిని ఒక్కొక్క పుటయంత పైకెత్తుచు పోవలెను. ప్రతిబింబము తేటపడినచోట నాగి, వ్రేలితో తెర నదుముటకు మాఱుగా కొన్ని క్షణముల గడువు బెట్టి, తనంతట తీయునట్లు చేయవలెను. మా యింటి పిల్లలు ఈ విధముగా మొదటిదినముననే ఉప్పుకల్లు చదరపు అంచులను, పంచదారపలుకు వాలు పలకలను, సీతాకోకచిలుక ఱెక్కపై పెంకులవలె పేర్చియున్న పొలుసులను చూచిరి.

రెండవది, కెమెరా యున్నవారికి దగిన తలక్రిందుల కటకము. సామాన్యకటకము దూరపు వస్తువును ముందువైపునను, దగ్గఱి పలకను వెనుకవైపునను ఉంచుకొని పనిచేయునట్లు కల్పింపబడినది. దానిని త్రిప్పి బిగించినచో ఆ సంబంధము తాఱుమాఱై, దగ్గఱి వస్తువు పెద్దదిగా బడును. పాత ఫిలిము కెమెరాల 50 మిల్లీమీటర్ల కటకములు పాతసామానుల యంగళ్లలో చౌకగా దొరకును. వానిని త్రిప్పి బిగించు కట్టువలయము వెల కొన్ని వందలే. ఈ రెంటితో ఇంచుమించు యథాప్రమాణము సాధ్యమగును. 28 మిల్లీమీటర్ల కటకమును త్రిప్పిన రెండింతలకు పైబడిన ప్రమాణము వచ్చును. నాభ్యంతరము తగ్గినకొలది త్రిప్పిన కటకమున పెంపు హెచ్చును. పాత కటకమున మఱియొక సుగుణము గలదు. వెలుగుద్వారమును పెద్దదిగను చిన్నదిగను చేయు వలయము దానిమీదనే యుండును గావున, కెమెరాతో విద్యుత్సంబంధము లేకున్నను చేతితో సవరించుకొనవచ్చును. అయితే కెమెరా తనకు కటకమే లేదనుకొని మొరాయించును. కటకము లేకున్నను చిత్రము తీయునట్లు దానిలో నొక యమరిక యుండును, దానిని మార్చుకొనవలెను. త్రిప్పినప్పుడు కటకము వెనుకభాగము బయలుపడును గనుక ధూళి తగులకుండ జూచుకొనవలెను.

మూడవది, బోలుగొట్టములు. కటకమునకును కెమెరాకును నడుమ బిగించు ఈ గొట్టములలో గాజు లేదు, గాలియే కలదు. గాలిని కొనుటకు ఎక్కువ యియ్య నక్కఱలేదు. కటకమును పలకకు ఎంత యెడముగా జరిపిన ప్రతిబింబ మంత పెరుగును. గొట్టము పొడవును కటకపు నాభ్యంతరముచే భాగించిన వచ్చునదే అదనపు పెంపు. 50 మిల్లీమీటర్ల కటకమునకు 25 మిల్లీమీటర్ల గొట్టము సగము ప్రమాణమును, 50 మిల్లీమీటర్ల గొట్టము పూర్తి ప్రమాణమును జేర్చును. విద్యుత్సంబంధములేని గొట్టములు మిక్కిలి చౌక. పైన జెప్పిన పాత కటకముతో అవి చక్కగా పొసగును.

నాలుగవది, కటకము ముందు బిగించు దగ్గఱిచూపు కటకము. ఇది కెమెరాకు పెట్టిన కండ్లద్దము. పెద్దలు చదువుకొనుటకు వాడు కండ్లద్దములవలె దీనికిని శక్తిని సంఖ్యతో జెప్పుదురు. వేయిని ఆ సంఖ్యచే భాగించిన, మిల్లీమీటర్లలో దాని నాభ్యంతరము వచ్చును. పది యనిన నూఱు మిల్లీమీటర్లు, అనగా జానెడులో సగము దూరమునకు గొంచెము తక్కువ. దూరపు వస్తువులు తీయు పొడుగాటి కటక మిదివఱకే యున్నవారికి ఇది మేలు. వెలుగు తగ్గదు, పురుగునకు మఱీ దగ్గఱగా బోనక్కఱయు లేదు.

సాధనము దొరకినతోడనే చిత్రము రాదు. మూడు విఘ్నములు దారిలో గూర్చుండియుండును. మొదటిది, తేటదనపు లోతు. యథాప్రమాణమున వెలుగుద్వారమును ఎనిమిదవ సంఖ్యకు మూసినను తేటగా వచ్చు పొర మందము ఒక్క మిల్లీమీటరునకు మించదు. చీమ కన్ను తేటపడిన మీసము మసకబాఱును. ద్వారమును మఱింత చిన్నది చేయుదమన్నచో, ఇఱుకు సందున దూరిన వెలుగు చెదరి చిత్రమంతయు మెత్తబడును. కావున ఎనిమిదికిని పదునాఱునకును నడుమ నుండుట మేలు. పురుగును ప్రక్కనుండి తీసిన దాని శరీరమంతయు పలకకు సమాంతరముగా నుండి ఆ పలుచని పొరలోనే యిమిడిపోవును. ముఖము తీయునెడల కంటిని తేటపఱచి తక్కినదానిని విడిచివేయవలెను. కదలని వస్తువైనచో కొంచెము కొంచెముగా జరుపుచు పది యిరువది చిత్రములు తీసి, ఉచితముగా దొరకు ఉపకరణములతో గంప్యూటరున వానిని ఒక్కటిగా కూర్చుకొనవచ్చును.

రెండవ విఘ్నము వెలుగు. గొట్టముతో యథాప్రమాణమునకు వచ్చునప్పటికి పలకను జేరు వెలుగు నాలుగవవంతునకు దిగిపోవును. కెమెరా ఫ్లాషును వాడవచ్చును కాని, దాని వెలుగు సూటిగా బడిన పురుగు వీపు అద్దమువలె మెఱసి రంగులన్నియు మాసిపోవును. ఆ వెలుగునకును పురుగునకును నడుమ ట్రేసింగు కాగితమును వంచి గొడుగువలె నిలిపితిమేని, మేఘము చాటున సూర్యుడువలె మెత్తని వెలుగు పరచుకొనును. ఈ గొడుగునకైన వ్యయము మాకు పదిరూపాయలకు మించలేదు. ఉదయపు ఎండయున్నచో అదియు నక్కఱలేదు. నీడ పడినవైపున తెల్లకాగిత మొకటి పట్టిన చాలును.

మూడవది, వణకు. ప్రతిబింబము పెరిగినంత చేతివణకును పెరుగును. కటకమును ద్రిప్పి తేటపఱుపవలె నని పెనగులాడరాదు. దానిని ఒకచోట నుంచి, మన శరీరమునే వెండ్రుకవాసి ముందునకును వెనుకకును వంచుచు, తేటపడిన క్షణమున మీట నొక్కవలెను. ఎడమచేత నొక చేతికఱ్ఱను నేలపై నానించి, ఆ చేతిమీదనే కెమెరాను మోపుట మా పద్ధతి. తెల్లవాఱుజామున చలికి పురుగులు కదలలేక కొమ్మలను బట్టుకొని యుండును. తమలో వేడి పుట్టించుకొను శక్తి వానికి దాదాపు లేదు గనుక సూర్యుని వేడి సోకువఱకు అవి మనకు వలసినంత వ్యవధి నిచ్చును. తెల్లవాఱకమునుపే లేవవలెనని మన పెద్దలు చెప్పిన మాటకు తూనీగ యిచ్చిన సాక్ష్యమిది.

ఇంతవఱకు చెప్పినది చేతిపని. ఇంతకన్న ముఖ్యమైన దొకటి కలదు. ఈ పరికరముతో జూచిన పిమ్మట మనము నమ్ముచు వచ్చిన మాటలలో నేవి నిలుచును, ఏవి నిలువవు?

మన పూర్వులు ప్రాణులను జరాయుజములు, అండజములు, స్వేదజములు, ఉద్భిజ్జములు అని నాలుగుతెగలుగా విభజించిరి. దోమలు, పేలు, ఈగలు, నల్లులు చెమటనుండియు ఉక్కనుండియు పుట్టునని మనుస్మృతి చెప్పుచున్నది. ఇది మనవారికే పరిమితమైన యభిప్రాయము కాదు. మురిగిన మాంసమునుండి పురుగులు తమంతట పుట్టునని ఐరోపావారును నమ్మిరి. ఇటలీదేశపు వైద్యుడు రేడి 1668లో మాంసపు పాత్రలను గొన్నిటిని మూసి, కొన్నిటిని తెఱచియుంచి, ఈగలు వ్రాలినచోటనే పురుగులు పుట్టుచున్నవని చూపువఱకు వారికిని కనువిప్పు కలుగలేదు. మన యింట దువ్వెనకు దొరకిన యొక వెండ్రుకను తెల్లకాగితముపై నుంచి పైన జెప్పిన ఫోనుతో జూడుడు. వెండ్రుకకు బంకతో నంటియున్న ఈపియు, దానికి కూజామూతవలెనున్న చిన్న మూతయు, లోపలి పిల్ల వెలువడినచో ఆ మూత తెఱచుకొని యుండుటయు స్పష్టముగా గనబడును. పేను చెమటబిడ్డ కాదు, గ్రుడ్డుబిడ్డ. ఈ సంగతి తెలిసిన తల్లి పిల్లను "మురికిదానా" యని కొట్టదు. ఈపులు పోవువఱకు ఓపికగా దువ్వును. ఒక్క చిత్రమువలన ఒక పిల్లకు తప్పు దెబ్బలు తప్పినను మేము సార్థకమే యని తలతుము.

భ్రమరకీటన్యాయము మఱియొకటి. తుమ్మెద పురుగును దెచ్చి మట్టిగూటిలో మూసి చుట్టును ఝంకారము చేయుననియు, భయముచేతను ధ్యానముచేతను ఆ పురుగు భ్రమరమే యగుననియు మన వేదాంతగ్రంథములు దృష్టాంతము చెప్పుచుండును. మా యింటికి వెల్ల వేయునప్పుడు కిటికీచట్రముపైనుండి అట్టి మట్టిగూ డొకటి పగిలి పడినది. చిట్టికుండవంటి యా గూటిలో ఆకుపచ్చని గొంగళిపురుగులు కొన్ని, చావక, కదలలేక పడియుండెను. పైకప్పునుండి సన్నని దారముతో నొక గ్రుడ్డు వ్రేలాడుచుండెను. మేము పగిలిన ప్రక్కను గాజుపలకతో మూసి, ప్రతిదినమును చిత్రము తీయుచు వచ్చితిమి. గ్రుడ్డునుండి తెల్లని కీటక మొకటి వెలువడి, పురుగులను ఒకటొకటిగా తినివేసి, పట్టుపొర కట్టుకొని, కొన్ని వారములకు కందిరీగయై బయటపడెను. గొంగళిపురుగులు భ్రమరము కాలేదు. భ్రమరము బిడ్డకు భోజన మైనవి. తల్లి వానిని కుట్టి చచ్చుపడజేసి, చెడిపోని తాజా ఆహారముగా దాచి, తాను మఱల చూడబోని బిడ్డకై ముంగిలి మూసి వెడలిపోయినది. గ్రుడ్డును దారముతో వ్రేలగట్టుటను ఫాబ్రుగారు వెనుకనే వర్ణించియున్నారు. ఆయన చెప్పినదానిని మా కిటికీయు చెప్పెను.

మా వీధిలో నొక వృద్ధపండితులు కలరు. సంస్కృతమున దొడ్డవారు. ఈ చిత్రముల వరుసను వారికి జూపితిమి. వారు కండ్లద్దములు సవరించుకొని మొదటినుండి తుదివఱకు రెండుమాఱులు చూచి, "నాయనా, న్యాయము చెప్పినది ధ్యానమును గుఱించి కాని పురుగును గుఱించి కాదు" అనిరి.

"చిత్తము, శాస్త్రులుగారూ. ధ్యానముయొక్క మహిమను మేము కాదనుట లేదు. కాని పిల్లలకు దీనిని చెప్పునప్పుడు పురుగు నిజముగానే భ్రమర మగునని చెప్పుచున్నాము గదా" యంటిమి.

వారు కొంతసేపు పలుకలేదు. పిమ్మట, "దారముతో గట్టిన గ్రుడ్డు మఱియొకమాఱు చూపుము" అనిరి. తమ అభిప్రాయమును మార్చుకొంటి నని వారనలేదు, మేమును అడుగలేదు. కాని నాటినుండి వారు మా యింటికి వచ్చినప్పుడెల్ల, "ఈవారము కొత్త చిత్రము లేమయిన గలవా?" యని యడుగుచున్నారు. వాదమున గెలిచినదానికన్న ఇది మాకు మిన్న.

ఆ న్యాయమును గుఱించి మా మనస్సున మెదలిన మాట యొకటి కలదు. శిష్యుడు గురువునే ధ్యానించి గురువుయొక్క ప్రతిరూప మగుట విద్యకు పరమావధి యని మనము పొగడుచు వచ్చితిమి. మట్టిగూటిలో నిజముగా జరుగుచున్నదేమి? బలవంతునిచే గుట్టువడి, చచ్చుపడి, ఎదురాడలేక పడియున్నవాడు పరుల కాహార మగుటయే. పిల్లలను ప్రశ్నింపనీయక, నోరు మెదపనీయక, మన యభిప్రాయముల గూటిలో నుంచి మూసి, "ఇదిగో, మావంటివారైరి" అని సంతసించునప్పుడు, వారు మనమై పెరిగిరో, మనకు ఆహారమై తరిగిరో విచారించుకొనవలసియున్నది. దృష్టాంతము చెడినదని మేము చింతింపము. నిజము దెలిసినపిమ్మట అది మునుపటికన్న గొప్ప పాఠమును చెప్పుచున్నది.

ఇక గృహారోగ్యమునకు సంబంధించిన సంగతి. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదున రొనాల్డు రాస్ అను సైనికవైద్యుడు, ఱెక్కలపై మచ్చలుగల దోమ కడుపుగోడలో మలేరియాక్రిమియొక్క రూపమును గనుగొనెను. ఆ పరిశోధనకు 1902లో ఆయనకు నోబెలు బహుమాన మిచ్చిరి. ఆనాడు ఆయన సూక్ష్మదర్శిని మరలు చెమటకు త్రుప్పుపట్టి, దాని కంటికటకము బీటవాఱి యుండెనట. విశ్వవిఖ్యాతమైన యా సత్యము మన తెలుగునేలపై, బీటవాఱిన కటకముగుండ బయలుపడినది. బేగంపేటలోని యా భవనము నేడు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందియున్నది. అయినను ఆ భవనమునకు కూతవేటు దూరమున నివసించువారును తమ కూలరులోని నీటిని తొంగిచూడరు.

మా యన్నగారి కుమార్తె పండ్రెండేండ్ల పిల్ల. వానకాలమున నొకనాడు ఇరుగుపొరుగిండ్ల పూలకుండీల క్రింది పళ్లెములలోని నీటిని చెంచాతో తెల్లగిన్నెలో పోసి, ఫోనుతో చిత్రములు తీసెను. దోమపిల్లలు కొన్ని నీటిపొరకు సమాంతరముగా పడుకొనియుండును. అవి మలేరియాను వ్యాపింపజేయు అనోఫిలీస్ జాతివి. కొన్ని తోకగొట్టమును నీటిపొరకు తగిలించి తలక్రిందులుగా వ్రేలాడుచుండును. డెంగీ జ్వరమును దెచ్చు ఈడిస్ జాతిపిల్లలు ఈ తెగలోనివి. పెద్దవైన పిమ్మట ఈడిస్ దోమ కాళ్లపై తెల్లని చాఱలు గనబడును. అనోఫిలీస్ గోడపై వ్రాలినప్పుడు తోక పైకెత్తి వాలుగా నిలుచును. ఈ భేదములన్నియు సామాన్యమైన భూతద్దమునకు లొంగునవే.

ఆ పిల్ల చిత్రములను దీసికొని పొరుగింటికి బోగా, ఆ యింటి యిల్లాలు, "ఆడపిల్లవు, నీకీ పురుగుల గోల ఎందుకే తల్లీ? వంటో కుట్టో నేర్చుకోరాదూ?" అనెను. పిల్ల బదులు చెప్పక ఫోనును చేతికిచ్చెను. నల్లని తల, వెండ్రుకల ప్రక్కలు, గిలగిల కొట్టుకొను తోక తెరనిండ గనబడెను.

"అమ్మో, ఇదేమిటే?"

"మీ కూలరులోదే, పిన్నిగారూ."

ఆ సాయంకాలమే కూలరు నీరు పెరటిలోనికి బోయెను. గోడలపై నంటించిన ప్రకటనలు ఏండ్ల తరబడి చేయలేనిపనిని ఒక చిత్రము నిమిషములో చేసినది. పరుల యింటిలోని దోమను గుఱించి చెప్పునది ఉపదేశము. మన కూలరులోని దోమను జూపునది జ్ఞానము.

ఆ యిల్లాలి మొదటి ప్రశ్నను గూడ ఊరక విడువరాదు. ఆడపిల్లకు పురుగులతో పనియేమి? జర్మనీదేశమున 1647లో జన్మించిన మరియా సిబిల్లా మేరియన్ పదుమూడవయేటనే పట్టుపురుగులను పెంచి వాని దశలను చిత్రించెను. 1699లో, యాబదిరెండేండ్ల ప్రాయమున, తన చిత్రములను అమ్మి సొమ్ము కూర్చుకొని, చిన్న కూతురును వెంటబెట్టుకొని, సముద్రముదాటి సురినాము దేశపు అడవులకు బోయి, అచ్చటి కీటకముల పరివర్తనములను వర్ణచిత్రములతో 1705లో గ్రంథముగా ప్రకటించెను. గ్రుడ్డు, పురుగు, గూడు, సీతాకోకచిలుక ఇవి నాలుగు ప్రాణులు కావు, ఒక్క ప్రాణియొక్క నాలుగు దశలని, అవి తిను మొక్కతో సహా ఒకే చిత్రమున లోకమునకు జూపినవారిలో ఆమె ముఖ్యురాలు. పైన జెప్పిన ఫాబ్రుగారికే జరిగినదానిని వినుడు. అవిన్యోను పట్టణమున ఆయన బాలికలకు పూవులు కాయ లగు విధమును బోధించెనని నిందకు పాలై, 1870 ప్రాంతమున కొలువును, ఉన్న యింటిని గూడ విడువవలసివచ్చెను. ఆడపిల్ల ప్రకృతిని చూచుట చూచి భయపడుట మన యూరి జబ్బు మాత్రమే కాదు. ఫ్రాన్సుకు వచ్చి కుదిరిన జబ్బు, మనకును కుదురగలదు.

ఒక చిన్న యుపాయము చెప్పుదుము. ఇంట ఫోను గాని కెమెరా గాని యున్నచో, వారమున కొక్క ఉదయము దానిని ఆడపిల్ల చేతికి విడువుడు. పెరటిలో కరివేపచెట్టో నిమ్మచెట్టో యుండును. ఆకుపై పక్షిరెట్టవంటి మచ్చ కనబడిన తుడిచివేయకుడు. అది సీతాకోకచిలుకయొక్క చిన్నపురుగు. శత్రువుల కన్ను గప్పుటకై అట్లు కనబడును. పెరిగినపిమ్మట ఆకుపచ్చగా మారును. పుల్లతో మెల్లగా తాకినచో తలవెనుకనుండి ఎఱ్ఱనో నారింజవర్ణమో గల కొమ్ములజంటను బయటకు చాచి, ఘాటైన వాసనను విడుచును. నాలుగాకులు పోయిన చెట్టు చావదు. ఆ నాలుగాకులకు బదులుగా పిల్లకు దొరకు పాఠమును ఏ బడి రుసుమునకును ఇయ్యలేదు.

ఈ విద్యకు నియమములు కొన్ని కలవు. చిత్రము కొఱకు ప్రాణిని చంపరాదు. కదలకుండుటకై మంచుపెట్టెలో నుంచుట, బంకతో నంటించుట మొదలగు పనులు చేసి, మంచి చిత్రమని మెప్పు పొందువారు కలరు. అవి చిత్రములు కావు, శిక్షలు. ఆకును త్రుంపి, గూటిని చెఱిచి తీసిన చిత్రమును మా యింట గోడకు తగిలింపము. వెల్ల వేయునప్పుడు తమంతట పగిలినవానినే మేము విప్పిచూచుచున్నాము. చూచినపిమ్మట రాతిని త్రిప్పినచోటనే త్రిప్పి యుంచవలెను; దానిక్రింద నొక సంసారము గలదు.

రెండవ నియమము సత్యము. నేడు యంత్రములే లేని పురుగులను కల్పించి ఉన్నట్లు చూపుచున్నవి. ఇట్టికాలమున, ఇదిగో నేను చూచితిని, ఈ దినమున, ఈ తావున, ఈ చెట్టుపై, ఇంత పొడవుగలదానిని, అని వ్రాసి యుంచిన చిన్న చిత్రమునకు విలువ హెచ్చినది. పురుగు ప్రక్కన కొలబద్ద యొకటి యుంచి ఒక చిత్రము తీయుడు. కొలబద్ద లేకున్న బియ్యపుగింజయైనను చాలును. పుస్తకమున తేదీ వ్రాయుడు. ఐనాచురలిస్టు, ఇండియా బయోడైవర్సిటీ పోర్టలు అను ఉమ్మడి భాండారములకు ఆ చిత్రములను పంపిన, తెలిసినవారు దాని పేరు చెప్పి సాయపడుదురు. మన పెరటి చీమయు దేశపు లెక్కలోనికి వచ్చును. ఒక ప్రాణి మన యూరినుండి మాయమైన పిమ్మట అది ఉండెడిదని చెప్పుటకు ఎవరో యొకరి చిత్రము మిగిలియుండవలెను గదా.

వ్యయపుమాట మఱల చెప్పి ముగింతుము. ఫోనున్నవారికి ఒక చిన్న కటకము. కెమెరా యున్నవారికి పాతకటక మొకటి, కట్టువలయ మొకటి, ట్రేసింగు కాగిత మొకటి. ఇంతకు మించిన దేదియు తొలి సంవత్సరమున కొనవలదు. ఆ సంవత్సరము గడచిన పిమ్మటను తెల్లవాఱకమునుపు లేచి పెరటిలోనికి బోవు అలవాటు నిలిచినచో, అప్పుడు మాక్రో కటకము కొందురో కొనరో మీ యిష్టము. అలవాటు నిలువనిచో బీరువాలో తావు మిగిలిపోయినది, అంతియే లాభము. పాఠకులారా, ఈ పత్రికను క్రిందనుంచినతోడనే మీ కిటికీచట్రమువంక నొకమాఱు చూడుడు. అక్కడ మట్టితో కట్టిన చిన్న కుండ యున్నచో దానిని చీపురుతో రాల్చకుడు. మీ పిల్లలను పిలువుడు.